జల్లెడ పట్టేది యంత్రం; జవాబు చెప్పేదెవరు?

ప్రభుత్వ పాలనలో కృత్రిమ మేధ: విధాన నిర్ణేతల లెక్కల్లో కనిపించని రెండో పద్దు

ప్రభుత్వ పాలనలో కృత్రిమ మేధను ప్రవేశపెట్టే విషయంలో కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వాల మధ్య చెప్పుకోదగిన భేదాభిప్రాయం లేదు. ఢిల్లీలోని నీతి ఆయోగ్ మొదలుకొని హైదరాబాద్, అమరావతి సచివాలయాల వరకు విధాన నిర్ణేతలందరూ దానిని ఆహ్వానిస్తున్నవారే. ప్రజలకు సత్వర సేవ, అధికారులకు పనిభారం తగ్గడం, అనర్హుల ఏరివేత ద్వారా ఖజానాకు ఆదా అనే మూడు ప్రయోజనాలను వారు ఏకరువు పెడుతున్నారు. మొదటి రెండింటిపై పెద్దగా పేచీ లేదు. మూడోదాని విషయంలో మాత్రం తెలంగాణ ప్రజలకు ఇప్పటికే ఒక చేదు అనుభవం ఉంది. అనర్హులను ఏరివేయడానికి పట్టిన జల్లెడలో అర్హులు కూడా జారిపోయారన్న ఫిర్యాదుపై సుప్రీంకోర్టు జోక్యం చేసుకొని, రద్దయిన కార్డులను తిరిగి క్షేత్రస్థాయిలో పరిశీలించవలసిందిగా ఆదేశించవలసి వచ్చింది.

ఆ ఆదేశం వెలువడినది 2022 ఏప్రిల్‌లో. ఆ తర్వాత దేశంలో కృత్రిమ మేధపై విధాన పత్రాలు, పథకాలు, మార్గదర్శకాలు వరుసగా వచ్చాయి. వాటిలో సాంకేతిక పరిజ్ఞానం గురించి, పెట్టుబడుల గురించి, ఉద్యోగాల గురించి విస్తృతమైన చర్చ ఉంది. యంత్రం చెప్పిన మాట విని ప్రభుత్వ కార్యాలయం ఒక పేద కుటుంబానికి బియ్యం ఆపివేస్తే, ఆ కుటుంబానికి కారణం చెప్పవలసిన బాధ్యత ఎవరిదన్న ప్రశ్నకు మాత్రం స్పష్టమైన సమాధానం ఇంకా దొరకలేదు.

విధాన నిర్ణేతల దృష్టి

కృత్రిమ మేధపై జాతీయ వ్యూహపత్రాన్ని నీతి ఆయోగ్ 2018 జూన్‌లో వెలువరించింది. అందరికీ కృత్రిమ మేధ అన్నది దాని నినాదం. వైద్యం, వ్యవసాయం, విద్య, నగరాల నిర్వహణ, రవాణా రంగాలను అది ప్రాధాన్య రంగాలుగా గుర్తించింది. బాధ్యతాయుతమైన వినియోగానికి పాటించవలసిన సూత్రాలను వివరిస్తూ అదే సంస్థ 2021లో మరో పత్రం తెచ్చింది. సమానత్వం, పారదర్శకత, జవాబుదారీతనం వంటి మాటలు అందులో ఉన్నాయి. అయితే అవి సూత్రాలే తప్ప శాసనాలు కావు.

2024 మార్చి 7న కేంద్ర మంత్రివర్గం ఐదేళ్ళ కాలానికి రూ. 10,371.92 కోట్లతో ఇండియా ఏఐ మిషన్‌ను ఆమోదించింది. ఈ నిధులలో పెద్ద భాగం శక్తిమంతమైన కంప్యూటర్ల సేకరణకు, అంకుర సంస్థలకు, స్వదేశీ నమూనాల తయారీకి ఉద్దేశించినది. 2025 నవంబరు 5న కేంద్ర ఎలక్ట్రానిక్స్, సమాచార సాంకేతిక శాఖ కృత్రిమ మేధ నిర్వహణ మార్గదర్శకాలను విడుదల చేసింది. మద్రాసు ఐఐటీ ఆచార్యుడు బలరామన్ రవీంద్రన్ నాయకత్వంలోని సంఘం వీటిని రూపొందించింది. ప్రస్తుతానికి ప్రత్యేక చట్టం అవసరం లేదని, ఉన్న చట్టాలనే వర్తింపజేయవచ్చునని అందులో తేల్చారు. ఏడు సూత్రాలను పేర్కొన్నారు. ఆంక్షల కంటె నవకల్పనకే ప్రాధాన్యం ఇవ్వాలన్నది వాటిలో ఒకటి. జవాబుదారీతనం కూడా వాటిలో ఒకటే. ఈ రెండింటికీ వైరుధ్యం వచ్చినప్పుడు ఏది పైచేయి కావాలన్నదే అసలు సమస్య.

తెలుగు రాష్ట్రాల వైఖరి కూడా ఇదే ధోరణిలో సాగుతోంది. తెలంగాణ ప్రభుత్వం 2020ను కృత్రిమ మేధ సంవత్సరంగా ప్రకటించి, అదే ఏడాది జూన్‌లో తన విధాన చట్రాన్ని వెల్లడించింది. ప్రభుత్వం మారినా విధానం మారలేదు. 2024 సెప్టెంబరులో హైదరాబాద్‌లో అంతర్జాతీయ సదస్సు జరిగింది. ఆంధ్రప్రదేశ్‌లో 2017లోనే రియల్ టైమ్ గవర్నెన్స్ సొసైటీ ఏర్పడింది. 2025 జనవరి 30న మన మిత్ర పేరిట వాట్సాప్ ద్వారా 161 సేవలను ఆ రాష్ట్ర ప్రభుత్వం ప్రారంభించింది. దరఖాస్తు కోసం కార్యాలయాల చుట్టూ తిరిగే అవస్థ దీనివల్ల తగ్గుతుందని ప్రభుత్వం చెబుతోంది.

కంప్యూటర్‌పై ఈ విశ్వాసం తెలుగువారికి కొత్త కాదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1998 నవంబరులో రిజిస్ట్రేషన్ కార్యాలయాల కంప్యూటరీకరణ ఆరంభమైంది. ఆ తర్వాత ఈ-సేవ కేంద్రాలు వచ్చాయి. కరెంటు బిల్లుకు ఒక చోట, నీటి బిల్లుకు మరో చోట వరుసలో నిలబడే రోజులు పోయాయి. ఆ సంస్కరణల వల్ల సామాన్యునికి మేలు జరిగిందన్నది నిర్వివాదాంశం. అందుచేత నేటి మార్పును కూడా దాని కొనసాగింపుగానే విధాన నిర్ణేతలు చూస్తున్నారు.

నమోదుకు, నిర్ణయానికి తేడా

ఇక్కడ గమనించవలసిన భేదం ఒకటి ఉంది. 1998 నాటి కంప్యూటర్ దస్తావేజును నమోదు చేసేది; నకలు తీసి ఇచ్చేది. సబ్ రిజిస్ట్రార్ సంతకం లేనిదే అది చెల్లేది కాదు. నేటి వ్యవస్థలు అక్కడితో ఆగడం లేదు. వేర్వేరు శాఖల వద్ద ఉన్న వివరాలను కలిపి, ఫలానా వ్యక్తి ఫలానా పథకానికి అర్హుడా కాదా అన్న అభిప్రాయాన్ని అవి వెలిబుచ్చుతున్నాయి. ఆ అభిప్రాయాన్ని అధికారి పరిశీలించి ఆమోదిస్తే అది సలహా అవుతుంది. చదవకుండా ఆమోదిస్తే అదే తీర్పు అవుతుంది.

సలహాలిచ్చే యంత్రం పొరబడినా నష్టం పరిమితం. ఖమ్మం జిల్లాలో మిరప రైతులకు సాగు బాగు పేరిట తెలంగాణ ప్రభుత్వం 2022లో చేపట్టిన ప్రయోగాన్ని ఇందుకు ఉదాహరణగా చెప్పుకోవచ్చు. సుమారు 7 వేల మంది రైతులకు తెగుళ్ళ గురించి, పంట నాణ్యత గురించి కృత్రిమ మేధ ఆధారంగా సూచనలు అందించారు. సూచన నచ్చకపోతే రైతు పాటించడు. పొరుగు రైతును అడుగుతాడు, వ్యవసాయ విస్తరణాధికారిని అడుగుతాడు. పీఎం కిసాన్ లబ్ధిదారుల సందేహాలు తీర్చడానికి 2023 సెప్టెంబరులో కేంద్రం ప్రారంభించిన కిసాన్ ఈ-మిత్ర కూడా ఇటువంటిదే. న్యాయస్థానాల తీర్పులను ప్రాంతీయ భాషల్లోకి అనువదించే పనిలో ఈ పరిజ్ఞానాన్ని సుప్రీంకోర్టు 2019 నుంచి వినియోగిస్తున్నది. మూలం ఎదుట ఉంటుంది కాబట్టి అనువాదాన్ని సరిచూసుకొనే వీలుంది.

అర్హతను తేల్చే యంత్రం విషయం వేరు. అక్కడ పొరపాటు జరిగితే బాధితునికి ప్రత్యామ్నాయం లేదు. ఎందుకు తిరస్కరించారో తెలియనప్పుడు సరిదిద్దుకొనే మార్గమూ లేదు.

సమగ్ర వేదిక ఎలా పనిచేసింది?

తెలంగాణ రాష్ట్రం ఏర్పడిన తొలి సంవత్సరంలోనే, 2014 ఆగస్టు 19న, ప్రభుత్వం ఒకే రోజున సమగ్ర కుటుంబ సర్వే నిర్వహించింది. సుమారు కోటి కుటుంబాల వివరాలను సేకరించారు. తర్వాతి సంవత్సరాల్లో ఈ పునాదిపై సమగ్ర వేదిక అనే వ్యవస్థ రూపుదిద్దుకున్నది. వాహనాల రిజిస్ట్రేషన్, ఆస్తి పన్ను, విద్యుత్ కనెక్షన్లు వంటి దాదాపు 30 ప్రభుత్వ విభాగాల సమాచారాన్ని ఇది అనుసంధానం చేస్తుంది. హైదరాబాద్‌కు చెందిన ఒక ప్రైవేటు సంస్థ దీనికి సాంకేతిక పరిజ్ఞానాన్ని సమకూర్చింది. మొదట నేర పరిశోధనకు ఉపయోగపడుతుందని భావించిన ఈ పరిజ్ఞానాన్ని, క్రమేణా సంక్షేమ పథకాల లబ్ధిదారుల తనిఖీకి వర్తింపజేశారు.

దీని కిటుకు సులభంగానే అర్థమవుతుంది. రవాణా శాఖ వద్ద కారు యజమాని పేరు ఉంటుంది. పౌర సరఫరాల శాఖ వద్ద కార్డుదారుని పేరు ఉంటుంది. పేరు, తండ్రి పేరు, చిరునామా వంటి వివరాలను పోల్చి, ఈ ఇద్దరూ ఒకరేనని చెప్పడానికి ఎంత అవకాశం ఉన్నదో యంత్రం లెక్కగడుతుంది. అది ఒక నిర్ణీత హద్దు దాటితే ఇద్దరినీ ఒక్కరిగానే పరిగణిస్తుంది. ఆహార భద్రత కార్డుకు గ్రామాల్లో రూ. 1.5 లక్షలు, పట్టణాల్లో రూ. 2 లక్షలు వార్షికాదాయ పరిమితిగా తెలంగాణ ప్రభుత్వం నిర్ణయించింది. నాలుగు చక్రాల వాహనం ఉన్న కుటుంబం అనర్హమైనదిగా లెక్క. కనుక కారు యజమాని పేరుతో కార్డుదారుని పేరు కలిస్తే కార్డు పోయినట్లే.

ఆ హద్దును ఎక్కడ పెట్టాలన్నదే చిక్కు. కఠినంగా పెడితే నిజంగా కారున్నవాడు తప్పించుకుంటాడు. సడలిస్తే కారు లేనివాడు చిక్కుకుంటాడు. తెలుగునాట పేర్ల తీరు ఈ చిక్కును మరింత పెంచుతున్నది. ఇంటిపేరును ఒక కార్యాలయంలో పూర్తిగా రాస్తారు, మరో కార్యాలయంలో పొడి అక్షరంతో సరిపెడతారు. వేంకటేశ్వరరావు ఒక చోట వేంకటేశ్వర్లు అవుతాడు, మరో చోట ఉత్త వెంకట్‌గా మిగులుతాడు. తెలుగులో ఒకే విధంగా రాసే పేరు ఆంగ్ల లిపిలోకి వెళ్ళేసరికి నాలుగైదు రూపాలు ధరిస్తుంది. పాతబస్తీ వంటి ప్రాంతాల్లో ఒకే వీధిలో ఒకే పేరుగలవారు పలువురు ఉండడం సర్వసాధారణం. ఈ తేడాలు వీధిలోని డీలరుకు తెలుసు, కంప్యూటర్‌కు తెలియవు.

హైదరాబాద్‌లో ఒక నిరుపేద మహిళ విషయంలో సరిగ్గా ఇదే జరిగింది. ఆమె భర్త రిక్షా తొక్కి బతికినవాడు. ఆయన పేరును పోలిన పేరుగల మరొక వ్యక్తికి కారు ఉంది. యంత్రం ఇద్దరినీ ఒకరిగా జమకట్టింది. ఫలితంగా ఆ కుటుంబానికి బియ్యం ఆగిపోయింది. కారు లేదని రుజువు చేసుకోవలసిన భారం ఆ మహిళపైనే పడింది. లేని వస్తువును లేదని ఏ కాగితం చూపి నిరూపించాలో ఏ నిబంధనలోనూ లేదు.

18.6 లక్షల కార్డులు

సమగ్ర వేదిక పనితీరుపై 2024 జనవరిలో ఒక అంతర్జాతీయ వార్తాసంస్థ ప్రచురించిన పరిశోధనాత్మక కథనం కొన్ని అంకెలను వెల్లడించింది. దాని ప్రకారం 2014 నుంచి 2019 వరకు తెలంగాణలో 18.6 లక్షలకు పైగా ఆహార భద్రత కార్డులు రద్దయ్యాయి. మరో 1,42,086 కొత్త దరఖాస్తులు తిరస్కరణకు గురయ్యాయి. ఈ రద్దులన్నింటికీ సమగ్ర వేదికే కారణమనడం సరికాదు. అది అమలులోకి రాకముందు జరిగినవి కూడా వీటిలో ఉన్నాయి. అయితే ఎవరికీ ముందుగా నోటీసు ఇవ్వలేదన్నది అన్నింటికీ ఉమ్మడిగా వర్తించే ఆరోపణ.

ఈ వ్యవహారం ప్రజాప్రయోజన వ్యాజ్యం రూపంలో సుప్రీంకోర్టుకు చేరింది. 2016 నుంచి రద్దయిన సుమారు 19 లక్షల కార్డుల విషయంలో క్షేత్రస్థాయి తనిఖీ జరపాలని 2022 ఏప్రిల్‌లో న్యాయస్థానం రాష్ట్ర ప్రభుత్వాన్ని ఆదేశించింది. పునఃపరిశీలన కోరుతూ 4,91,899 దరఖాస్తులు వచ్చాయి. అదే ఏడాది జూలై నాటికి వాటిలో 2,05,734 దరఖాస్తుల పరిశీలన పూర్తయింది. 15,471 మంది అర్హులేనని తేలింది. అంటే పరిశీలించిన ప్రతి వంద మందిలో సుమారు 7.5 మందికి కార్డు అన్యాయంగా పోయినట్లు ప్రభుత్వ పరిశీలనలోనే బయటపడింది.

ఈ అంకెను రెండు విధాలుగా చదవవచ్చు. 92 మందికి పైగా అనర్హులే కదా, కాబట్టి రద్దు సమంజసమేనని అధికారులు వాదించవచ్చు. కాని దరఖాస్తు చేసుకున్నవారి లెక్క మాత్రమే ఇది. కార్డు పోయిన సంగతి తెలిసీ ఎవరిని కలవాలో తెలియక ఊరుకున్నవారు, బతుకుదెరువు కోసం వలసపోయినవారు, ఈలోగా మరణించినవారు ఇందులో లేరు. అర్హులని తేలినవారు సైతం కోల్పోయిన బియ్యాన్ని తిరిగి పొందలేదు కదా అన్నది మరో ప్రశ్న. ఏళ్ళ తరబడి అంగడిలో కొనుక్కొని తిన్న బియ్యం ధర, దానికోసం చేసిన అప్పు ఏ పద్దులోనూ చేరవు.

తెలుగునాట రేషన్ కార్డుకు ఉన్న ప్రాధాన్యం తెలియనిది కాదు. 1983లో కిలో రెండు రూపాయల బియ్యం పథకం వచ్చిన నాటినుంచి పేదింటికి ఆ కార్డే గుర్తింపు పత్రం. ఆస్పత్రిలో ఉచిత చికిత్సకు, పిల్లల ఫీజు రాయితీకి కూడా తర్వాతి కాలంలో దానినే ఆధారంగా అడిగారు. తెలంగాణలో 2025 మార్చి 30న సన్నబియ్యం పంపిణీ మొదలైంది. అదే సంవత్సరం జూలైలో సూర్యాపేట జిల్లా తిరుమలగిరిలో ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి కొత్త కార్డుల పంపిణీని ప్రారంభించారు. కార్డు విలువ పెరుగుతున్న కొద్దీ అది పోతే జరిగే నష్టమూ పెరుగుతుందన్నది స్పష్టం.

రెండు రకాల పొరపాట్లు

సంక్షేమ పథకాల అమలులో రెండు రకాల పొరపాట్లు జరుగుతాయని ఆర్థికవేత్తలు చెబుతారు. అనర్హుడు జాబితాలో చేరడం ఒకటి. అర్హుడు జాబితా నుంచి తొలగిపోవడం రెండోది. మొదటి పొరపాటు వల్ల ఖజానాకు నష్టం. అది రూపాయల్లో కనిపిస్తుంది కాబట్టి శాఖల నివేదికల్లో చోటు చేసుకుంటుంది. పత్రికా సమావేశాల్లో ప్రకటనగా వెలువడుతుంది. రెండో పొరపాటు వల్ల పేదవాని కంచానికి నష్టం. దానిని కొలిచే ఏర్పాటు లేదు. పైగా అర్హుని పేరు తొలగినప్పుడు కూడా ఖజానాకు మిగులే కాబట్టి, అది ఆదా కిందనే జమ అవుతుంది. ఒక వ్యవస్థ ఎంత తప్పుగా పనిచేస్తే అంత ఎక్కువ ఆదా చేసినట్లు కనిపించే విచిత్ర పరిస్థితి ఇది.

యంత్రానికి ఉన్న మరో గుణం దాని వేగం. ఒక గుమస్తా పక్షపాతం వల్లనో అజాగ్రత్త వల్లనో పొరబడితే ఒక గ్రామమో ఒక మండలమో నష్టపోతుంది. యంత్రం పొరబడితే అదే పొరపాటు రాష్ట్రమంతటా ఒకే రోజున జరుగుతుంది. నూటికి 99 సార్లు సరిగా చెప్పే వ్యవస్థ ఒకటి ఉన్నదనుకుందాం. కోటి పేర్లపై దానిని ప్రయోగిస్తే లక్ష పేర్ల విషయంలో అది పొరబడుతుంది. కాగితంపై ఒక శాతంగా కనిపించేది, ఊళ్ళల్లో లక్ష కుటుంబాలుగా మారుతుంది.

అధికారుల వాదనలో పస లేదనడం న్యాయం కాదు. బోగస్ కార్డులు ఉన్న మాట నిజం. ఆహార భద్రత చట్టం కింద రాష్ట్రాలవారీగా లబ్ధిదారుల సంఖ్యకు పరిమితి ఉన్నందున, ఒక అనర్హుడు చోటు ఆక్రమిస్తే ఒక అర్హుడు వెలుపల ఉండిపోతాడు. యంత్రం రాకముందు కార్డు కోసం సిఫారసులు, ముడుపులు అవసరమయ్యేవన్న సంగతి జనానికి తెలియనిది కాదు. ముఖం చూసి బొట్టు పెట్టే అధికారి కంటె అందరినీ ఒకే కొలతతో చూసే యంత్రం మేలన్న వాదన అందుకే పుట్టింది. అయితే అధికారి అన్యాయం చేస్తే తహసీల్దారుకో కలెక్టరుకో మొరపెట్టుకోవచ్చు. కంప్యూటర్‌లో అలా వచ్చిందని గుమస్తా చెప్పినప్పుడు ఆ మొర వినేవారు కరవవుతారు.

పుదుచ్చేరి పాఠం

సాంకేతిక ఏర్పాటు వచ్చినప్పుడు మొర వినే గడప మాయమవుతుందనడానికి పుదుచ్చేరి అనుభవం కూడా ఉపకరిస్తుంది. అక్కడ జరిగినది కృత్రిమ మేధ ప్రయోగం కాదు. దానికంటె సరళమైన మార్పు. తెలుగువారి యానాం కూడా అంతర్భాగమైన ఆ కేంద్రపాలిత ప్రాంతంలో 2015 సెప్టెంబరు నుంచి రేషన్ బియ్యానికి బదులు బ్యాంకు ఖాతాలో నగదు జమ చేసే విధానాన్ని కేంద్రం ప్రవేశపెట్టింది. ఈ పద్ధతిని మొదట చేపట్టిన ప్రాంతాలు పుదుచ్చేరి, చండీగఢ్. మధ్యదళారులు ఉండరని, తూకంలో మోసం ఉండదని, లబ్ధిదారు తనకు నచ్చిన బియ్యం కొనుక్కోవచ్చునని విధాన నిర్ణేతలు అప్పట్లో చెప్పిన కారణాలు సహేతుకమైనవే.

కాని పుదుచ్చేరి నుంచి కడలూరు వెళ్ళే దారిలోని కిరుమాంబాక్కం వంటి గ్రామంలో నివసించే కూలి కుటుంబం దృష్టితో చూస్తే ఈ మార్పు మరో విధంగా కనబడుతుంది. దుకాణం ఉన్నప్పుడు బియ్యం తక్కువ తూగితే అక్కడికక్కడే నిలదీసే వీలుండేది. సొమ్ము జమ కాకపోతే బ్యాంకు వారు శాఖను అడగమంటారు, శాఖ వారు బ్యాంకును అడగమంటారు. బియ్యమా, నగదా అన్న వివాదం అక్కడి ప్రభుత్వానికి, లెఫ్టినెంట్ గవర్నరుకు మధ్య ఏళ్ళ తరబడి నలిగింది. చివరకు 2024 అక్టోబరులో ఆ ప్రాంతంలో చౌక ధరల దుకాణాలను తిరిగి తెరిచారు. కాగితంపై మెరుగ్గా కనిపించిన విధానం కూడా ప్రజల అనుభవంలో నెగ్గితేనే నిలుస్తుందని దీనివల్ల తెలుస్తున్నది.

విదేశాల్లో మూల్యం

ధనిక దేశాలు కూడా ఈ విషయంలో గట్టి దెబ్బలే తిన్నాయి. నెదర్లాండ్స్‌లో శిశు సంరక్షణ భత్యం పొందుతున్న తల్లిదండ్రులలో మోసగాళ్ళను పట్టుకొనేందుకు పన్నుల శాఖ కంప్యూటర్ ఆధారిత వ్యవస్థను వాడింది. విదేశీ పౌరసత్వం ఉండడాన్ని సైతం అది అనుమానానికి కారణంగా పరిగణించింది. వేలాది కుటుంబాలు తాము చేయని మోసానికి భారీ మొత్తాలు తిరిగి చెల్లించవలసి వచ్చింది. ఈ కుంభకోణానికి బాధ్యత వహిస్తూ 2021 జనవరి 15న ప్రధాని మార్క్ రుట్టే ప్రభుత్వం రాజీనామా చేసింది.

ఆస్ట్రేలియాలో 2015లో మొదలైన పథకం వాడినది మరింత మొరటు లెక్క. సంక్షేమ భృతి పొందేవారి వార్షికాదాయాన్ని 26 పక్షాలకు సమానంగా పంచి, ఆ సగటును వారు పక్షానికొకసారి చూపిన ఆదాయంతో పోల్చారు. ఏడాదిలో కొన్ని నెలలే పని దొరికినవారికి ఈ సగటు వర్తించదన్న సామాన్య విషయాన్ని విస్మరించారు. తేడా ఉన్నవారందరికీ బాకీ నోటీసులు పంపారు. బాకీ లేదని నిరూపించుకోవలసిన భారాన్ని వారిపైనే మోపారు. పథకం చట్టవిరుద్ధమని తేలిన తర్వాత ప్రభుత్వం సుమారు 180 కోట్ల ఆస్ట్రేలియా డాలర్ల మేరకు పరిష్కారానికి అంగీకరించింది. 2023 జూలైలో రాయల్ కమిషన్ తన నివేదికలో ఆ పథకాన్ని తీవ్రంగా తప్పుపట్టింది.

ఈ అనుభవాల నేపథ్యంలో ఐరోపా సమాజం 2024 ఆగస్టు 1న కృత్రిమ మేధ చట్టాన్ని అమలులోకి తెచ్చింది. ప్రభుత్వ సహాయానికి అర్హతను నిర్ణయించే వ్యవస్థలను అది అధిక ప్రమాదం గలవిగా వర్గీకరించింది. భారతదేశం ఆ చట్టాన్ని యథాతథంగా అనుసరించాలనడం అవివేకం. కాని ఆ వర్గీకరణ వెనుక ఉన్న ఆలోచన మనకూ వర్తిస్తుంది. పాట సిఫారసు చేసే యంత్రాన్ని, పింఛను ఆపే యంత్రాన్ని ఒకే గాట కట్టరాదన్నదే ఆ ఆలోచన.

చట్టాలు ఏమంటున్నాయి?

ప్రత్యేక చట్టం అవసరం లేదు, ఉన్న చట్టాలు చాలునన్న కేంద్రం మాటను స్వీకరిద్దాం. ఉన్న చట్టాలు ఏమంటున్నాయి? సమాచార హక్కు చట్టం, 2005లోని 4వ సెక్షన్, పరిపాలనా నిర్ణయాల వల్ల ప్రభావితులయ్యేవారికి ఆ నిర్ణయాల కారణాలను తెలపాలని ప్రభుత్వ సంస్థలను నిర్దేశిస్తున్నది. దరఖాస్తు చేయకపోయినా నిర్వర్తించవలసిన విధి ఇది. అయితే సమగ్ర వేదిక ఎలా పనిచేస్తుందో తెలిపే కంప్యూటర్ ప్రోగ్రామ్ వివరాలను కోరితే, ప్రైవేటు సంస్థ హక్కులకు భంగమన్న కారణంతో ఇవ్వలేదని పై పరిశోధనాత్మక కథనం పేర్కొన్నది. ప్రజల సొమ్ముతో కొన్న తక్కెడ రాళ్ళను ప్రజలకు చూపకపోవడం వంటిది ఇది.

ఆహార భద్రత చట్టం, 2013 ఫిర్యాదుల పరిష్కారానికి జిల్లా అధికారిని, రాష్ట్ర స్థాయిలో ఆహార కమిషన్‌ను ఏర్పాటు చేసింది. నోటీసు, కారణం లేని రద్దుపై ఫిర్యాదు రాయడం ఎలాగన్నదే సమస్య. ఇక 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం, రాయితీలు, ప్రయోజనాలు అందించే సందర్భంలో వ్యక్తుల సమాచారాన్ని వినియోగించుకొనేందుకు ప్రభుత్వానికి విశేష వెసులుబాటు కల్పించింది. దాని నిబంధనలను 2025 నవంబరులో ప్రకటించారు. వాటిలో ముఖ్యమైనవి 18 నెలల గడువు తర్వాతనే అమలులోకి వస్తాయి.

మరో విశేషం కూడా ప్రస్తావించదగినది. చాట్‌జీపీటీ, డీప్‌సీక్ వంటి సాధనాలను కార్యాలయ కంప్యూటర్లలో వాడరాదని 2025 జనవరి చివర కేంద్ర ఆర్థిక శాఖ తన సిబ్బందికి ఆదేశాలిచ్చింది. ప్రభుత్వ పత్రాల గోప్యతకు ముప్పు ఉందన్నది అందుకు చూపిన కారణం. తన దస్త్రాల విషయంలో ప్రభుత్వం చూపిన ఈ జాగ్రత్త ఆక్షేపణీయం కాదు. పేదల కార్డుల విషయంలోనూ అదే జాగ్రత్త చూపాలని కోరడం అత్యాశ కాబోదు.

చేయదగిన పనులు

ఇందుకు కొత్త శాఖలు, భారీ నిధులు అవసరం లేదు. యంత్రం అనుమానించిన పేరును అనుమానంగానే చూడాలి తప్ప నిర్ణయంగా పరిగణించరాదన్న ఒక్క నియమం పెడితే సగం సమస్య తీరుతుంది. కార్డు రద్దుకు ముందు తెలుగులో, ఉర్దూ మాట్లాడేవారికి ఉర్దూలో, నోటీసు ఇవ్వాలి. మీకు కారు ఉన్నట్లు మా వద్ద సమాచారం ఉంది, దాని నంబరు ఇది అని అందులో తెలపాలి. నంబరు చూస్తే ఆ కారు తనది కాదని ఎవరైనా నిమిషంలో చెప్పగలరు. విచారణ పూర్తయ్యేవరకు బియ్యం ఆపరాదు. తప్పు లేదని రుజువు చేయవలసిన భారం కార్డుదారునిపై కాక, తప్పు ఉన్నదని చూపవలసిన భారం కార్యాలయంపై ఉండాలి. రద్దు ఉత్తర్వుపై బాధ్యుడైన అధికారి పేరు, సంతకం ఉండాలి.

అన్నింటికీ మించి లెక్క మారాలి. ఏరివేసిన కార్డుల సంఖ్యను ప్రకటించే ప్రతి శాఖ, తిరిగి పునరుద్ధరించిన కార్డుల సంఖ్యను కూడా ఆ పక్కనే ప్రకటించాలి. ఎన్ని కార్డులు తొలగించారన్న దానిని బట్టి కాక, తొలగించిన వాటిలో ఎన్ని నిలబడ్డాయన్న దానిని బట్టి వ్యవస్థ సామర్థ్యాన్ని అంచనా వేయాలి. ఏ వ్యవస్థనైనా రాష్ట్రమంతటా ప్రవేశపెట్టే ముందు ఒకటి రెండు మండలాల్లో ఇంటింటి తనిఖీతో పోల్చి చూడడం కనీస జాగ్రత్త.

కృత్రిమ మేధ ప్రభుత్వ కార్యాలయాల గడప దాటి లోపలికి వచ్చింది. దానిని వెనక్కి పంపడం సాధ్యమూ కాదు, అవసరమూ కాదు. 15,471 కుటుంబాల ఉదంతం తేల్చిచెప్పినది ఒక్కటే. ఆ పొరపాటును కనిపెట్టినది మరో యంత్రం కాదు. న్యాయస్థానం ఆదేశించిన తర్వాత తిరిగి పరిశీలనకు దిగిన సాధారణ సిబ్బంది. మొదటే ఆ పరిశీలన జరిపించి ఉంటే న్యాయస్థానం ఆదేశం అవసరమయ్యేదే కాదు. తర్వాత వచ్చే ప్రతి వ్యవస్థ విషయంలోనూ ఆ క్రమాన్ని మార్చడమే విధాన నిర్ణేతలు ముందుగా తీసుకోవలసిన నిర్ణయం.